గీత దాటిన గద్దలు

ఎనిమిది కావడానికి రెండు నిమిషాలుందనగా లాజరు కుడిచేతి కౌంటరును ఒకసారి, ఎడమచేతి కౌంటరును ఒకసారి నొక్కి చూసి, రెండింటినీ మళ్ళీ సున్నాకు తిప్పాడు. కుడిచేతిది పోయేవాటికి. ఎడమచేతిది తిరిగొచ్చేవాటికి. తొమ్మిదేళ్ళలో రెండింటి మీటలూ నున్నబడ్డాయి. కుడిదాని మీట కాస్త ఎక్కువ నున్నబడింది. ఆ కాస్త తేడాయే తన ఉద్యోగమని అతనికి అప్పుడప్పుడూ అనిపించేది.

తువ్వాలు కొసతో బైనాక్యులర్ అద్దాలు తుడిచి మెడలో వేసుకుని, నెమలిగట్టు బండ మీద గోనెసంచి మెత్త వేసుకుని దక్షిణానికి తిరిగి కూర్చున్నాడు. కింద బసవపున్నయ్యగారి మామిడితోట. దాని అవతల పత్తి పీకేసిన చేలు, మొక్కజొన్న మోళ్ళు, ఎ.కొండూరు పోయే రోడ్డు. వీపు వెనక, పది కిలోమీటర్ల దూరాన తిరువూరు. తూర్పున ఒంటి తాటిచెట్టు, పడమర సెల్ టవరు. ఆ రెండింటినీ కలుపుతూ, సరిగ్గా అతని నెత్తి మీదుగా, ఆకాశంలో ఒక గీత ఉంది. అది లాజరుకు తప్ప ఇంకెవరికీ కనపడదు.

చలికాలానికి దిగొచ్చిన గద్దలూ డేగలూ ఎండలు ముదిరే ముందు మళ్ళీ ఉత్తరానికి పోతాయి. హిమాలయాల అవతలికంటారు. విజయవాడలోని పక్షులవాళ్ళు ఫిబ్రవరి నడుమ నుంచి ఏప్రిల్ రెండో ఆదివారం దాకా వాటిని లెక్కపెట్టిస్తారు. పని చాలా తేలిక. ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు వరకు, గీత దాటి ఉత్తరానికి పోయిన ప్రతి గద్దకూ ఒకటి కలపాలి. దక్షిణానికి వచ్చిన ప్రతి గద్దకూ ఒకటి తీసెయ్యాలి. ఏది ఊరి గద్ద, ఏది వలస గద్ద అని మీరు తేల్చొద్దు, గీత మాత్రం చూడండి, అని మొదటి ఏడే చెప్పారు. ఊరి గద్ద పొద్దున పోతే సాయంత్రానికి తిరిగొస్తుంది. కూడికలోనూ తీసివేతలోనూ పడి అది దానంతటదే మాయమవుతుంది. మిగిలేవి నిజంగా వెళ్ళిపోయినవి. ఈ ఏర్పాటు లాజరుకు ఎంతగానో నచ్చింది. లోకంలో వెళ్ళిపోయినవాళ్ళ లెక్క ఇంత శుభ్రంగా తేలే చోటు ఇంకొకటి లేదు.

ఈ రోజు ఆఖరి ఆదివారం. నిన్నటి వరకు తేలినవి నాలుగు వందల ఎనభై ఎనిమిది. రాత్రి భోజనాలకు ముందు విజయవాడ నుంచి నీహారిక మేడం ఫోన్ చేసింది. ఆమెది పాతికేళ్ళ గొంతు, యాభై ఏళ్ళ అలసట.

"లాజరుగారూ, పైవాళ్ళు లెక్కపెట్టే గట్లు తగ్గించేస్తున్నారండి. సీజనుకి అయిదొందలు రాని చోటు తీసేస్తారంట. మీకు ఇంకా పన్నెండు కావాలి. రేపొక్కరోజే ఉంది."

"వస్తే రాస్తానమ్మా."

"వస్తాయిలెండి," అంది ఆమె. ఆ మాటను ఆమె ఎలా పలికిందో గట్టిగా ఆలోచిస్తే ఇంకో అర్థం తోచేదేమో. లాజరు ఆలోచించలేదు.

అతని భార్య రూతు మాత్రం పొద్దున్నే సూటిగా చెప్పింది. తెల్లచీర కట్టుకుని, బైబిలు చంకలో పెట్టుకుని, అన్నం క్యారేజీ చేతికిస్తూ, "ఆదివారం పూట దేవుణ్ణి వదిలేసి గద్దల కాడికి పోతన్నావు. రేపు పైకి పోయాక ఆయనడిగితే ఏం చెప్తావు?" అంది.

"ఎన్ని దాటినయ్యో చెప్తా."

"ఆ పన్నెండూ కళ్ళు మూసుకుని నొక్కినా పడతాయిగా?"

"కళ్ళు మూసుకుంటే ఎట్టా కనపడతాయే, పిచ్చిదానా?"

రూతు అతని ముఖంలోకి కాసేపు చూసింది. ముప్పై మూడేళ్ళ కాపురంలో ఆ ముఖంలో వెటకారం దొరుకుతుందేమోనని ఆమె వెతకడం ఇది ఎన్నోసారో. దొరకలేదు. చెప్పులేసుకుని ప్రార్థనకు వెళ్ళిపోయింది.

ఆ ప్రార్థనలోనే లాజరుకు ఈ ఉద్యోగం దొరికింది. బస్టాండులో వచ్చే బస్సులూ పోయే బస్సులూ రాసే పనిని కంప్యూటరు ఎత్తుకుపోయాక, అతను ఆదివారాలు వెనక బెంచీలో కూర్చుని తలలు లెక్కపెట్టేవాడు. ఎవరూ చెప్పలేదు. చేతులు ఊరికే ఉండలేకపోయేవి. ఒకనాడు పాస్టరు కృపానందంగారు ప్రసంగం మధ్యలో, "ఇక్కడ కూడిన మూడు వందల ఆత్మలూ" అన్నారు. లాజరు లేచి నిలబడి, ఎంతో వినయంగా, "నూట నలభై మూడండి. అందులో ఇద్దరు నిద్దరపోతన్నారు," అన్నాడు. ఆ నెలలోనే పక్షులవాళ్ళు వచ్చి, చూపు బాగుండి, గట్టు మీద ఓపిగ్గా కూర్చునే మనిషి ఉంటే చెప్పమన్నారు. కృపానందంగారు ఆలోచించడానికి ఒక్క క్షణం కూడా తీసుకోలేదు. ముఖ్యంగా ఆదివారాలు కూడా పని ఉంటుందని వినగానే ఆయన కళ్ళు చెమర్చాయి.

తొమ్మిదింటికి మొదటి పిల్లిగద్ద వచ్చింది. అది మోళ్ళ మీద తక్కువ ఎత్తులో, పోగొట్టుకున్నదాన్ని వెతుకుతున్నట్టు అటూ ఇటూ తూలుతూ, గట్టు దగ్గరకు రాగానే వేడిగాలి అందుకుని లేచి గీత దాటింది. కుడిచెయ్యి. తర్వాత గంటలో ఇంకో నాలుగు. ఊరి గద్దలు ఎనిమిది పోయాయి, ఎనిమిది వచ్చాయి. పదకొండు లోపల రెండు తొండల డేగలు వెళ్ళాయి. తర్వాత చాలాసేపు ఆకాశం ఖాళీగా ఉంది. ఖాళీ ఆకాశాన్ని చూడటంలో లాజరుది అందె వేసిన చెయ్యి. అలా చూస్తున్నప్పుడు తన లోపల మాట్లాడుతుండే మనిషి కూడా నోరు మూసుకునేవాడు.

ఒక్క పక్షిని కూడా అతను ఎక్కువ రాయలేడు. దాన్ని జనం నిజాయితీ అనేవాళ్ళు. అతనికి అది కాదని తెలుసు. నిజాయితీపరుడైతే ఎదుటివాళ్ళ అబద్ధాలు విన్నప్పుడు కూడా బాధపడాలి కదా. అతను పడేవాడు కాదు. కృపానందంగారి మూడు వందలతో అతనికి పేచీ లేదు, సాయం చేద్దామని చెప్పాడంతే. అతని భయం వేరు. తన లెక్క తప్పితే తనూ ఎక్కడో తప్పిపోతాడని.

దాని మొదలు ఎక్కడో కూడా అతనికి తెలుసు. చిన్నప్పుడు ఎంతమంది పిల్లలని ఎవరైనా అడిగితే అమ్మ జోజమ్మ ఎనిమిది అనేది. నాన్న ఏడు అనేవాడు. లాజరుకన్నా ముందు పుట్టి పదకొండు రోజులు బతికిన పిల్లను అమ్మ తీసెయ్యలేదు, నాన్న తీసేశాడు. వాళ్ళిద్దరూ ఈ విషయం మీద ఒక్కనాడూ పోట్లాడుకోలేదు. ఎవరి అంకె వాళ్ళు చెప్పి ఊరుకునేవాళ్ళు. ఆరేళ్ళ లాజరు దీన్ని తేల్చేద్దామని, రాత్రి వరసగా పడుకున్న తోబుట్టువుల కాళ్ళ దగ్గర నిలబడి వేలు పెట్టి లెక్కించేవాడు. ప్రతిసారీ ఆరే వచ్చేవి. నిలబడ్డవాణ్ణి కూడా కలుపుకోవాలని అతనికి తట్టడానికి రెండేళ్ళు పట్టింది.

పదకొండున్నరకు బసవపున్నయ్య ఆయాసపడుతూ ఎక్కొచ్చాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, చేతిలో మజ్జిగ సీసా. తొమ్మిదేళ్ళుగా ఆయన ఈ గట్టుకు రోజూ ఎక్కుతాడు. గద్దలంటే ఆయనకు ఏ ఆసక్తీ లేదు. ఆయన ఆసక్తి కోతుల మీద. గట్టు మీద ఒక మనిషి పొద్దస్తమానం కూర్చుని, కళ్ళకు నల్లటిదేదో పెట్టుకుని చూస్తుంటే, గట్టు వెనక కోతులు అది తుపాకీ అనుకుని తోటలోకి దిగేవి కావు. సరిగ్గా కాయ ముదిరే రోజుల్లో, రూపాయి ఖర్చు లేకుండా, తోటకు కాపలా.

"ఎంతయిందయ్యా లాజరూ?"

"నాలుగొందల తొంభై అయిదండి."

"ఇంకా అయిదా! తొందరగా రమ్మను."

"నేను రమ్మంటే వస్తాయాండి?"

"నువ్వేం రమ్మంటావులే. రమ్మన్నా ఎన్నిసార్లు పిలిచావో రాసుకుంటావు." మజ్జిగ ఇస్తూ గొంతు తగ్గించాడు. "నువ్వు పోతే కోతులు ఒక్క పిందె మిగల్చవు. నీ బొమ్మ ఒకటి గడ్డితో చేయించి ఇక్కడ పెట్టినా కుదరదు. పోయినేడు నువ్వు వెళ్ళిపోయాక పెట్టా. దాని ఒళ్ళో కూర్చుని కాయలు తిన్నాయి."

తన స్థానంలో ఒక గడ్డిబొమ్మను పెట్టి చూశారన్న సంగతి లాజరుకు ఇప్పుడే తెలిసింది. దానికి బాధపడాలో, కోతులు తేడా కనిపెట్టినందుకు సంతోషించాలో తేల్చుకునే లోపల పాముల గద్ద వచ్చింది. తెల్లటి పొట్ట, గుడ్లగూబలాంటి పెద్ద తల. గాలిలో ఒకచోట ఆగి కింద ఏదో చూసి, వద్దనుకుని, గీత దాటింది. బసవపున్నయ్య తువ్వాలు ఊపి దాన్ని సాగనంపాడు. ఒంటిగంట దాటాక ఇంకా పైన, కంటికి చుక్కల్లా, మూడు తేనెగద్దలు ఒకదాని వెనక ఒకటి రెక్క ఆడించకుండా జారిపోయాయి.

నాలుగు వందల తొంభై తొమ్మిది.

"ఒక్కటే!" అని బసవపున్నయ్య లేచి నిలబడ్డాడు. "ఒక్క గద్ద కోసం ఎదురుచూసే కర్మ మనకేంటయ్యా? ఉండు." మజ్జిగ సీసా అక్కడే వదిలేసి దిగిపోయాడు. కాసేపటికి కింద మోపెడ్ దడదడలాడి తిరువూరు వైపు పోయింది.

రెండయింది. రెండున్నరయింది. ఒక పావురం దాటింది, ఒక కొంగ దాటింది. అవి లెక్కలోకి రావు. లాజరు క్యారేజీ ఒక చేత్తో తిన్నాడు, కళ్ళు దించకుండా. పప్పులో ఉప్పు లేదు. రూతుకు కోపమొచ్చినప్పుడు ఉప్పు మరిచిపోతుంది. అతని బొటనవేలు కుడి మీట మీద ఆనుకుని ఉంది. కొంచెం బరువు పెడితే చాలు, నొక్కుకుంటుంది. చెయ్యి తుమ్మినంత సులభం. ఆ మాట తోచగానే అతను కౌంటరును జేబులో వేసుకున్నాడు, తన చేతిని తనే నమ్మనట్టు. మళ్ళీ గద్ద వస్తే ఆలస్యమవుతుందని బయటికి తీశాడు.

మూడుంపావుకి వీపు వెనక ఒక అరుపు వినిపించింది. సన్నగా, వణుకుతూ, సాగదీసినట్టు. ఊరి గద్ద. తిరిగి చూశాడు.

తిరువూరు వైపు ఆకాశం నిండా చుక్కలు.

అవి వస్తున్నాయి. ఒకటి, మూడు, ఏడు. తిరువూరు కోళ్ళ అంగళ్ళ మీద బతికే గద్దలన్నీ, ఆదివారం మంచి బేరం వదిలేసి, గట్టు వైపు వస్తున్నాయి. నెత్తి మీదుగా, గీత మీదుగా, ఉత్తరం నుంచి దక్షిణానికి. ఎడమచెయ్యి నొక్కుతూనే ఉంది. పన్నెండు. ఇరవై. వాటితో పాటు చూపు కిందికి దించితే, మామిడితోట చివర బసవపున్నయ్య ముక్కుకు తువ్వాలు కట్టుకుని, రెండు ఎరువుల సంచుల్లోంచి కోళ్ళ పేగులూ ఈకలూ కుమ్మరిస్తున్నాడు. తలెత్తి, రెండు చేతులూ ఊపాడు. ఆ దూరం నుంచి కూడా ఆయన నవ్వు కనపడింది.

"వచ్చినయ్యా? రాసుకో! ఒకటేంటి, నీకిష్టమైనన్ని రాసుకో!"

లాజరు నొక్కుతూనే ఉన్నాడు. ముప్పై ఒకటి దగ్గర ఆగింది.

బసవపున్నయ్య ఎక్కొచ్చేసరికి నాలుగయింది. ఆయనతో పాటు కోళ్ళ వాసన కూడా ఎక్కొచ్చింది. "ఎంతయింది?"

"నాలుగొందల అరవై ఎనిమిదండి."

ఆయన కూర్చుండిపోయాడు. లాజరు ఓపిగ్గా చెప్పాడు, తాటిచెట్టు చూపించి, సెల్ టవరు చూపించి. పోయినవి ప్లస్సు, వచ్చినవి మైనస్సు. ఇవి వచ్చాయి.

"తొమ్మిదేళ్ళ నుంచీ ఎక్కుతున్నాను. ఇది ఒక్కసారన్నా చెప్పావా?"

"మీరెప్పుడూ అడగలేదండి."

"అయితే అవి రాలేదనుకో."

"చూశాగదండీ."

"నేను వెయ్యకపోతే వచ్చేవా అవి? అవి గద్దలు కావయ్యా, నా తప్పులు. నా తప్పుల్ని నీ లెక్కలో ఎట్టా వేసుకుంటావు?"

ఈ వాదన లాజరును నిజంగా కదిలించింది. న్యాయంగానే ఉంది. నియమాల కాగితంలో వాన గురించి ఉంది, పొగమంచు గురించి ఉంది, కోళ్ళ పేగుల గురించి లేదు. నీహారిక మేడంకు ఫోన్ చేశాడు.

"ఈ రోజు ఇప్పటిదాకా అయిన లెక్క మీ ఫోను ఫారంలో ఎక్కటం లేదమ్మా. మైనస్సు కొట్టనివ్వట్లేదు."

"మైనస్సా? మైనస్సెందుకండీ?"

"పదకొండు పోయినయ్యమ్మా. మూడుంపావుకి కోళ్ళ పేగుల కోసం ముప్పై ఒకటి వచ్చినయ్యి. మైనస్ ఇరవై."

ఆమె చాలా మెల్లగా, పసివాడికి చెప్పినట్టు చెప్పింది. "లాజరుగారూ, మూడుంపావుకి మీరు నీళ్ళు తాగుతున్నారనుకోండి. అటు చూళ్ళేదనుకోండి. అప్పుడు పదకొండే కదా?"

"నీళ్ళు తాగేటప్పుడు కూడా చూస్తానమ్మా. అలవాటు."

"పోనీ సున్నా పెట్టండి."

"సున్నా అంటే పోయినన్నే వచ్చాయని కదమ్మా అర్థం. అట్టా జరగలేదుగా."

ఆమె నవ్వింది. "మీకు ఆ గట్టు పోతుందండీ," అంది.

"తెలుసమ్మా."

"సరే. కాగితం మీద రాసి ఫొటో పెట్టండి."

బసవపున్నయ్య ఇంకా ఓడిపోలేదు. గీత ఎక్కడుందో తెలిశాక ఆయనకు కొత్త బలం వచ్చింది. కిందికి పరుగెత్తి, పార తీసుకుని, పేగులన్నీ మళ్ళీ సంచుల్లోకి ఎత్తి, గట్టు చుట్టూ తిరిగి ఉత్తరం వైపు కుమ్మరించాడు. నాలుగూ నలభైకి అరుస్తూ పిలిచాడు కూడా, కోళ్ళను పిలిచినట్టు. లాజరు ఆయన్ని ఆపలేదు. సాయమూ చెయ్యలేదు. గీత దాటితే కుడిచెయ్యి నొక్కుతుంది, అంతే. కళ్ళు మాత్రం గీతను వదిలి తోట కొమ్మల మీదికి పోతున్నాయి. ఇంతకాలం తను పక్షుల్ని ఏమీ కోరలేదని అతనికి అప్పుడు తెలిసింది. తెలియడానికి కారణం, ఇప్పుడు కోరుతున్నాడు.

గద్దలు కదల్లేదు. పొట్టనిండా తిని, మామిడికొమ్మల మీద రెక్కలు వదులు చేసుకుని, విందులో చివరి పంక్తి లేచాక కూర్చునే పెద్దమనుషుల్లా కూర్చున్నాయి. ఒకటి ముక్కును కొమ్మకేసి తుడుచుకుంది. బసవపున్నయ్య ఒక పేగు పట్టుకుని గిరగిరా తిప్పాడు. ఒకే ఒక్క గద్ద అటు చూసి, తల పక్కకు తిప్పేసుకుంది.

అయిదయింది. లాజరు కాగితం మీద మైనస్ ఇరవై అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి, ఫొటో తీసి పంపాడు.

అయిదూ పది నిమిషాలకు కొమ్మల మీద కదలిక మొదలైంది. ఒకటి లేచింది. వెనకే రెండు. పడమటి ఎండలో వాటి రెక్కల అడుగులు ఇటుకరంగులో మెరుస్తూ, తోట మీద ఒక చుట్టు చుట్టి, గట్టెక్కి, గీత దాటసాగాయి. లెక్కపెట్టకూడదనుకున్నాడు లాజరు. ముప్పై ఒకటి. వాటి తర్వాత చాలా వెనక, చాలా పైన, ఎవరితోనూ సంబంధం లేనట్టు ఇంకొకటి వచ్చింది. పెద్దది, నల్లగా, రెక్కల చివర వేళ్ళు విప్పినట్టు. అతను తొమ్మిదేళ్ళలో అలాంటిది రెండుసార్లే చూశాడు. అది తాటిచెట్టుకూ సెల్ టవరుకూ సరిగ్గా మధ్యలోంచి వెళ్ళిపోయింది.

"ఎన్ని?" అని కింద నుంచి అరిచాడు బసవపున్నయ్య.

"అయిదొందలండి."

"రాయి మరి!"

"టైమైపోయిందండి."

బసవపున్నయ్య పార కింద పారేశాడు. "పద, పొద్దుపోతుంది," అన్నాడు చివరికి. "నా బండి మీద దింపుతా. వాసనొస్తుంది, ఏమనుకోకు."

మర్నాడు లాజరు బైనాక్యులర్‌నూ రెండు కౌంటర్లనూ అట్టపెట్టెలో సర్ది, తాడు కట్టి, తిరువూరు బస్టాండులో విజయవాడ బస్సుకు ఎక్కించాడు. బస్సు పది పదిహేడుకు బయల్దేరింది. ఎవరూ అడగకపోయినా, ఇంటికొచ్చాక రూతుకు ఆ సంగతి చెప్పాడు. ఆమె పప్పులో ఉప్పు సరిగ్గా వేసింది. అతను ఈ మధ్య మళ్ళీ ప్రార్థనకు పోతున్నాడు. వెనక బెంచీలో, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చుంటాడు.

ఆ పై ఫిబ్రవరిలో గట్టు మీదికి మనిషి రాలేదు. కోతులు వారం రోజులు దూరం నుంచి చూశాయి. ఎనిమిదో రోజున పెద్ద కోతి ఒకటి ఎక్కొచ్చి, బండ మీద లాజరు వదిలేసి పోయిన గోనెసంచి మెత్త మీద కూర్చుంది. అటూ ఇటూ సర్దుకుంది. ఇమడక, లేచి తోటలోకి దిగిపోయింది. ఎండుగడ్డి కుక్కిన ఆ మెత్తలో మనిషి కూర్చున్న గుంట వాన పడ్డా పూడలేదు, ఎడమవైపు, తిరిగొచ్చేవాటిని నొక్కే చేతి వైపు, కాస్త లోతుగా.